లైసెన్స్ పిస్టల్‌కి "చిన్న మార్పు" చేయిస్తే ఫైనుతో పోతుందా? (విశాఖ చర్చావేదిక)

గోపాలపట్నం శ్రీను | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారి పేరు మీద ఒక .32 పిస్టల్ ఉంది. కాంట్రాక్టులు చేసే రోజుల్లో తీసుకున్నారు, లైసెన్స్ ఎప్పటికప్పుడు రెన్యువల్ అవుతూనే ఉంది. నాకు ఊహ తెలిశాక దాన్ని ఎవరి మీదా ఎత్తగా చూడలేదు. ఎలక్షన్లొస్తే స్టేషన్లో డిపాజిట్ చెయ్యడం, అయ్యాక తెచ్చుకుని బీరువాలో పట్టుచీరల కింద పెట్టడం, అంతే దాని బతుకు.

మొన్న బయటికి తీస్తే స్లయిడ్ (పిస్టల్ పైన వెనక్కి లాగే భాగం) పట్టేసింది. నేను లాగాను, రాలేదు. మా పిన్ని కొడుకు లాగాడు, ట్రిగ్గర్ కూడా నొక్కి చూశాడు, కదల్లేదు. ఆటోనగర్‌లో తెలిసిన లేత్ ఆయన ఒకరున్నారు, "పట్రండి, సెట్ చేసేద్దాం" అన్నారు. ఈలోపు మావాడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. అగ్గిపెట్టెలో పట్టేంత ముక్క. అది తగిలిస్తే ట్రిగ్గర్ పట్టుకున్నంతసేపూ తూటాలు వస్తూనే ఉంటాయట. "ఎలాగూ రిపేరు చేయిస్తున్నావు కదన్నయ్యా, ఇదీ చేయించెయ్" అంటాడు. లేత్ ఆయన రెండింటికీ కలిపి నాలుగు వేలు చెప్పి, ఐదొందలు అడ్వాన్సు కూడా తీసుకున్నారు.

లైసెన్స్ ఉన్న తుపాకీయే కదా. దొరికితే బైకు సైలెన్సర్ మార్పించినట్టు ఫైనుతో పోతుందా, ఇంకేమైనా ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

బీచ్‌రోడ్ బుల్లెట్ | ఆదివారం, రాత్రి 9:52

సైలెన్సర్లయితే రోడ్‌రోలర్ కింద పెట్టి తొక్కించారు భయ్యా. పిస్టల్ అయితే ఓనర్‌ని పెడతారేమో 😄

జోక్ పక్కన పెడితే, ఆ వీడియో లింక్ ఒకసారి పెట్టండి. ఊరికే నాలెడ్జ్ కోసం.

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 10:05

లింకులు వద్దు. ఎలా చేస్తారో, ఏ ముక్క ఎక్కడ దొరుకుతుందో అడిగినా చెప్పినా పోస్టు తీసేస్తాను. చట్టం, ప్రమాదం గురించి ఎంతైనా మాట్లాడుకోండి.

వకీలమ్మ, ఎంవీపీ | ఆదివారం, రాత్రి 10:31

శ్రీను గారూ, మొదట ఒక మాట చెప్పండి. పిస్టల్ ఇంకా మీ ఇంట్లోనే ఉందా, లేత్ ఆయనకి ఇచ్చేశారా?

గోపాలపట్నం శ్రీను | ఆదివారం, రాత్రి 10:34

ఇంట్లోనే ఉందండి. రేపు సాయంత్రం ఇద్దామనుకున్నాం.

వకీలమ్మ, ఎంవీపీ | ఆదివారం, రాత్రి 11:10

అయితే సమయానికే అడిగారు. ఇవ్వకండి. కొంచెం పెద్దగానే రాస్తున్నాను, చదవండి.

మీ నాన్నగారికి ఉన్న లైసెన్స్ "తుపాకీ ఉంచుకోవచ్చు" అని మొత్తంగా ఇచ్చిన అనుమతి కాదు. ఫలానా రకం, ఫలానా బోరు (గొట్టం లోపలి కొలత), ఫలానా నంబరు ఉన్న ఆ ఒక్క ఆయుధానికి ఇచ్చింది. దాని రకం మారిన రోజున ఆ కాగితం ఆ తుపాకీకి వర్తించదు.

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2 లో "నిషేధిత ఆయుధం" అంటే ఏమిటో రాసి ఉంది. ట్రిగ్గర్ మీద ఒత్తిడి ఉన్నంతసేపూ, లేదా మ్యాగజైను (తూటాలు పెట్టే డబ్బా) ఖాళీ అయ్యేదాకా తూటాలు వస్తూనే ఉండేలా తయారైన, లేదా అలా మార్చిన తుపాకీ. "అలా మార్చిన" అన్న మాట చట్టంలోనే ఉంది, గమనించండి. కంపెనీలో అలా పుట్టిందా, మీ వీధి చివర అలా మారిందా అన్న తేడా లేదు. మీరు దాంతో ఒక్క తూటా పేల్చక్కర్లేదు కూడా. పేల్చగలిగే స్థితిలో ఉంటే చాలు.

ఇప్పుడు శిక్షలు. 2019 సవరణ తర్వాత లెక్కలు చాలా మారాయి, పాత పుస్తకాలు చూసి ఎవరైనా "మూడేళ్లే" అంటే నమ్మకండి. నిషేధిత ఆయుధాన్ని తయారుచేసినా, ఆ రకంగా మార్చినా, రిపేరు చేసినా సెక్షన్ 25(1ఏఏ) కింద కనీసం పదేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఊరికే దగ్గర ఉంచుకున్నా 25(1ఏ) కింద ఏడు నుంచి పద్నాలుగేళ్లు. ఒక రకం తుపాకీని ఇంకో రకంగా మార్చడాన్ని కూడా 2019లోనే సెక్షన్ 6 లో కలిపారు. అంతకుముందు ఆ సెక్షన్లో బారెల్ పొట్టిగా కొయ్యడం, ఆటబొమ్మ తుపాకీని నిజం తుపాకీ చెయ్యడం మాత్రమే ఉండేవి. ఇలా రకం మార్చడానికి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా.

కాబట్టి నాలుగు వేల పనికి మీ నాన్నగారు, మీరు, ఆ లేత్ ఆయన, సలహా ఇచ్చిన తమ్ముడు, అందరూ ఒకే ఎఫ్ఐఆర్‌లో ఉంటారు.

బీచ్‌రోడ్ బుల్లెట్ | ఆదివారం, రాత్రి 11:18

మరి మేడమ్, ఆ ముక్క పెట్టకుండా ఉత్త రిపేరు ఒక్కటే లేత్ దగ్గర చేయిస్తే? అది మామూలు పనే కదా.

వకీలమ్మ, ఎంవీపీ | ఆదివారం, రాత్రి 11:29

కాదు. సెక్షన్ 5 చూడండి. తయారీ, అమ్మకం, మార్చడం, రిపేరు, టెస్ట్ చెయ్యడం అన్నీ ఒకే వాక్యంలో ఉన్నాయి. అన్నింటికీ లైసెన్స్ ఉన్న డీలరో, గన్‌స్మిత్తో ఉండాల్సిందే. స్ప్రింగు మార్చినా సరే, లైసెన్స్ లేనివాడు చేస్తే నేరమే. లైసెన్స్ లేని మనిషి చేతికి తుపాకీ ఇవ్వడం మీ నాన్నగారి వైపు నుంచి మరో తప్పు.

ఇందులో ఒక సౌకర్యం కూడా ఉంది, చాలామందికి తెలియదు. రిపేరుకో, లైసెన్స్ రెన్యువల్‌కో తీసుకెళ్లాలంటే లైసెన్స్‌దారు రాతపూర్వకంగా ఇస్తే ఇంకొకరు తీసుకెళ్లొచ్చు. సెక్షన్ 3 లోనే ఉంది. పెద్దాయన నడవలేకపోతే ఒక ఉత్తరం రాయించుకుని, లైసెన్స్ పుస్తకం పట్టుకుని, తిన్నగా లైసెన్స్ ఉన్న డీలరు దగ్గరికి వెళ్లండి. మధ్యలో ఫ్రెండ్ ఇంట్లో టీ తాగడాలు పెట్టుకోకండి.

ఆటోనగర్ లేత్ | సోమవారం, ఉదయం 7:15

నేనూ ఆటోనగరే. ఆ అడ్వాన్సు తీసుకున్నాయన నేను కాదు, ముందే చెప్తున్నాను.

మా దగ్గరికి ఇలాంటివి వస్తాయి. "బైకు పార్టు సార్" అని ఒక పైపు ముక్క, ఒక కాగితం మీద కొలతలు. ఇదివరకు ఏది తెచ్చినా కోసిచ్చేవాళ్లం. ఇప్పుడు ఏ బండిది, ఎక్కడ తగులుతుంది, ఆ బండి తీసుకురా అంటాను. సగం మంది మళ్లీ రారు.

సెక్షన్లు నాకు ఇప్పుడే తెలిశాయి. పని గురించి మాత్రం చెప్పగలను. కొలత పట్టడంలో మాకు ఇబ్బంది లేదు, వందో వంతు మిల్లీమీటరు తేడాలో కోస్తాం. తెలియనిది ఇనుము లోపలి సంగతి. తుపాకీ లోపలి ముక్కలకి ఫ్యాక్టరీలో హీట్ ట్రీట్‌మెంట్ చేస్తారు. పైన గట్టి, లోపల కాస్త సాగే గుణం. మనం గ్రైండర్ పెట్టి వేడెక్కిస్తే, వెల్డింగు చుక్క పెడితే ఆ టెంపరు పోతుంది. చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తుంది. నాలుగు దెబ్బలకి అంచు అరిగిపోతుంది, లేదా పుటుక్కుమంటుంది. బైకులో అయితే రోడ్డు మీద ఆగుతుంది. ఇందులో ఆగదు కదా, అదే తేడా.

మల్కాపురం నేవీ తాత | సోమవారం, ఉదయం 8:50

లేత్ బాబు మంచి మాట చెప్పాడు. నేను నేవీలో గన్నరీ వైపు పనిచేసి రిటైరయ్యాను. మనవళ్లు టైపు చెయ్యడం నేర్పారు, నెమ్మదిగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేది చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర. దానికే గాస్కెట్ సరిగ్గా లేకపోతే మూత ఎగిరి సీలింగుకి కొడుతుంది. మీ .32 పిస్టల్ ఛాంబరులో (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడి ఇరవై వేల పౌండ్ల దాకా ఉంటుంది. 9 ఎంఎం అయితే ముప్పై ఐదు వేలు. అమెరికాలో మోజుపడే ఆ రైఫిళ్ల తూటా, .223, యాభై ఐదు వేలు. ఇదంతా మీ మొహానికి ఒక అడుగు దూరంలో జరుగుతుంది.

ఆ ఒత్తిడిని ఆపేది తూటా వెనక ఉన్న ఇత్తడి గుల్ల. అది పల్చటి రేకు. చుట్టూ ఛాంబరు గోడలు ఆనుకుని ఉంటేనే తట్టుకుంటుంది. మీదాని లాంటి చిన్న పిస్టల్‌లో వెనక తలుపు మూసి ఉంచేది స్లయిడ్ బరువు, స్ప్రింగు బలం, ఆ రెండే. తయారు చేసినవాడు వాటిని లెక్కగట్టి పెట్టాడు. ఒక తూటాకి ఒకసారి ట్రిగ్గర్ అనే లెక్క అది. ఎవడో ఆ లెక్కలో వేలు పెట్టాడనుకోండి, స్లయిడ్ పూర్తిగా మూసుకోకముందే పేలొచ్చు. అప్పుడు గుల్లకి వెనక ఆసరా ఉండదు. ఇత్తడి చిరిగి, మంట, రేకు ముక్కలు వెనక్కి, పక్కకి వస్తాయి. పట్టుకున్నవాడి వేళ్లు, పక్కన చూస్తున్నవాడి కళ్లు.

నా గడ్డం గీసుకునే పెట్టెలో అలాంటి గుల్ల ఒకటి ఉంది. ఎక్కడిదో, ఎవరిదో రాయను. ఒక పక్క మందార మొగ్గ విచ్చుకున్నట్టు విచ్చుకుని ఉంటుంది. అంచులు ఇప్పటికీ బ్లేడులా ఉంటాయి. పెద్ద మనవడు ఒకసారి అడక్కుండా పట్టుకుని బొటనవేలు కోసుకున్నాడు.

ఇంకోటి. ట్రిగ్గర్ లోపల సుత్తిని పట్టి ఉంచే కొక్కెం ఉంటుంది. దాని అంచు గోరు చివరంత ఉంటుంది. దాన్ని ఎవరైనా గీకారంటే తుపాకీ ఎప్పుడు పేలుతుందో దానికే తెలియదు. కింద పడితే పేలొచ్చు. మ్యాగజైను పెట్టి స్లయిడ్ వదలగానే పేలొచ్చు, వేలు ట్రిగ్గర్ మీద లేకుండానే.

ఇక ఆగకుండా పేలడం సరదా అనుకునే అబ్బాయికి ఒక లెక్క. నిమిషానికి తొమ్మిది వందల చొప్పున అనుకుందాం. మీ మ్యాగజైనులో ఎనిమిది తూటాలుంటే అర సెకనులో అయిపోతాయి. మొదటిది మీరు చూసిన చోటికి వెళ్తుంది. మిగతావి పిస్టల్ పైకి లేస్తున్నకొద్దీ పైకి. గోపాలపట్నంలో పైన అంటే ఏముంటుంది, పక్కింటివాళ్ల బాల్కనీ.

శ్రీనూ, ఒక ప్రశ్న. స్లయిడ్ పట్టేసింది అన్నావు. లోపల తూటా ఉందో లేదో చూశారా?

గోపాలపట్నం శ్రీను | సోమవారం, ఉదయం 9:20

మ్యాగజైను తీసేశాం తాతగారూ. ఖాళీయే.

మల్కాపురం నేవీ తాత | సోమవారం, ఉదయం 9:24

మ్యాగజైను ఖాళీ అంటే తుపాకీ ఖాళీ అని కాదు బాబూ. స్లయిడ్ తెరిచి ఛాంబరు కళ్లతో చూసేదాకా నిండుగా ఉన్నట్టే లెక్క. ఇక దాన్ని లాగకండి, ట్రిగ్గర్ జోలికి అసలు వెళ్లకండి. డీలరుకి ముందే ఫోన్ చేసి, పట్టేసింది, లోపల ఏముందో తెలియదు అని చెప్పండి. ఎలా తేవాలో ఆయన చెప్తాడు.

డాలస్ బావ | సోమవారం, ఉదయం 10:02

మాకిప్పుడు రాత్రి. నిద్రపట్టక చదువుతున్నాను. మాది మద్దిలపాలెం, ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్లు.

శ్రీను గారి తమ్ముడు చూసిన వీడియో ఇక్కడిదే అయ్యుంటుంది. అవి చూసి "అమెరికాలో అన్నీ ఓపెన్" అనుకుంటారు మనవాళ్లు. ఇక్కడా మెషీన్‌గన్ల మీద 1934 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. 1986 మే 19 తర్వాత తయారైనవి మామూలు పౌరులు కొనడానికి వీల్లేదు. పిస్టల్ వెనక తగిలించే ఆ ముక్క సంగతయితే ఇంకా విచిత్రం. తుపాకీ లేకపోయినా ఉత్త ఆ ముక్క జేబులో ఉన్నా చట్టం దృష్టిలో అది మెషీన్‌గనే. పదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా ఫైను.

బీచ్‌రోడ్ బుల్లెట్ | సోమవారం, ఉదయం 10:11

మరి బంప్ స్టాక్‌ని (రైఫిల్ గబగబా పేలేలా వెనక తగిలించే పిడిని) మీ సుప్రీంకోర్టే ఓకే అంది కదా బ్రో?

డాలస్ బావ | సోమవారం, ఉదయం 10:40

సగం విని చెప్తున్నావు తమ్ముడూ. 2017 అక్టోబరు 1న లాస్ వేగాస్‌లో సంగీత కచేరీ మీద కాల్పులు జరిగాయి. పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు, ఆ రాత్రే 58 మంది పోయారు. వాడు వాడినవాటిలో బంప్ స్టాక్ తగిలించిన రైఫిళ్లున్నాయి. ఆ తర్వాత ప్రభుత్వం వాటినీ మెషీన్‌గన్ లెక్కలో వేసి 2019 మార్చి నుంచి నిషేధించింది. ఆస్టిన్‌లో తుపాకుల షాపు ఉన్న మైకేల్ కార్గిల్ కోర్టుకెళ్లాడు. 2024 జూన్ 14న సుప్రీంకోర్టు 6-3తో ఆ నిబంధన కొట్టేసింది.

కానీ ఎందుకు కొట్టేసింది? బంప్ స్టాక్ మంచిదని కాదు. పాత చట్టంలో "ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే" అనే మాట ఉంది. బంప్ స్టాక్‌తో ప్రతి తూటాకీ ట్రిగ్గర్ విడిగా పనిచేస్తోంది కాబట్టి ఆ మాట కిందికి రాదు, ప్రభుత్వ ఏజెన్సీ తనంతట తాను కలపకూడదు, కావాలంటే కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) చట్టం చేసుకోవచ్చు అంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి పదికి పైగా రాష్ట్రాల్లో సొంత నిషేధాలు ఇప్పటికీ ఉన్నాయి. టెక్సస్‌లో కొన్నది కార్లో వేసుకుని కాలిఫోర్నియా వెళ్తే కథ మారిపోతుంది.

ఇంతకీ నేను రాద్దామనుకున్నది ఇది కాదు. స్టూడెంట్ వీసా మీదో, హెచ్-1బీ మీదో వచ్చిన పిల్లలు షూటింగ్ రేంజికి వెళ్లి ఫోటోలు దిగుతున్నారు, కొందరు కొనేస్తున్నారు కూడా. వలస రాని తాత్కాలిక వీసాలవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి. సొంతంగా అర్థం చేసుకోకుండా లాయర్ని అడగాలి. ఆయుధాల కేసులో శిక్షపడితే జైలుతో అయిపోదు, వీసా పోయి విమానం ఎక్కిస్తారు. 2024 నవంబరులో అట్లాంటాలో మన తెలుగు కుర్రాడు ఒకడు కొత్తగా కొన్న తన తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి పోయాడని వార్తల్లో వచ్చింది, అదీ పుట్టినరోజు నాడు. అందులో మార్పులూ లేవు, ఏమీ లేవు. నేవీ తాతగారు ఇందాక అడిగిన ప్రశ్న చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

వకీలమ్మ, ఎంవీపీ | సోమవారం, ఉదయం 11:05

బావగారూ, అక్కడ ఏళ్ల తరబడి వాదించుకున్న ఆ తేడా ఇక్కడ అంత అక్కరకు రాదు. మన నిర్వచనంలో ఉన్నది ట్రిగ్గర్ మీద ఒత్తిడి, తూటాలు ఆగడం. పైగా తుపాకీ పెట్టుకోవడం మనకి హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. "టెక్సస్‌లో చెల్లుతుంది" అని ఇక్కడి మేజిస్ట్రేటుకి చెప్తే నవ్వుతారు.

కంచరపాలెం కుమారి | సోమవారం, మధ్యాహ్నం 1:30

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మావాడు ఇంటరు. కోతులు వస్తున్నాయని ఎయిర్‌గన్ కొన్నాడు. ఇప్పుడు "పవర్ పెంచే స్ప్రింగు" అంటున్నాడు. అది తుపాకీ కిందికి వస్తుందా? నాకు టెన్షన్‌గా ఉంది.

వకీలమ్మ, ఎంవీపీ | సోమవారం, మధ్యాహ్నం 1:52

వచ్చే అవకాశం ఉంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం .177 బోరు, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్‌గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. అందుకే అది తేలిగ్గా దొరికింది. స్ప్రింగు మార్చి ఆ 20 దాటించాడంటే లైసెన్స్ లేని ఆయుధం మీ ఇంట్లో ఉన్నట్టు. మార్చిన సంగతి పెట్టె మీద కనపడదు కదా అంటారు, ఫోరెన్సిక్ ల్యాబులో కొలుస్తారు. కోతులకి టపాకాయలు చాలు.

పాడేరు మాస్టారు | సోమవారం, సాయంత్రం 5:48

బడి అయ్యాక చదివాను. మా ఏజెన్సీలో సెమీ ఆటోమేటిక్‌లూ అవీ లేవు గానీ నాటు తుపాకీ ఉంది. పోలీసులు ఊరూరా తిరిగి అప్పగించమని అడుగుతూనే ఉంటారు. 1922లో చింతపల్లి స్టేషన్లోంచి అల్లూరి తుపాకులు పట్టుకెళ్లిన కొండలు మరి, ఇనుము మీద మమకారం అంత తొందరగా పోదు. (సరదాకి అన్నాను సార్లూ, ఎవరైనా డిపార్ట్‌మెంటువాళ్లు చదువుతుంటే.)

మా స్కూలు పిల్లాడి తండ్రి ఒకాయన. అడవిపందికని కూర్చుని రెండు పిడికిళ్లు మందు ఎక్కువ కూరాడు, దూరం పోతుందని. గొట్టం మధ్యలో పగిలింది. ఎడమచేతి రెండు వేళ్లు పోయాయి. విశాఖ తీసుకొచ్చేదాకా ఎక్కడా నిజం చెప్పలేదు, చెట్టు కొడుతుంటే గొడ్డలి తగిలిందన్నారు. గొడ్డలి దెబ్బకి చర్మం కాలదు కదా. డాక్టరు చూడగానే కనిపెట్టేశారట, ఆ తర్వాత పోలీసులు. ఆ పిల్లాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. నాగలి పట్టడానికి వారానికి రెండు రోజులు బడి మానేస్తాడు. ఎందుకు రాలేదురా అని అడగడం నేనే మానేశాను.

ఆటోనగర్ లేత్ | సోమవారం, రాత్రి 8:20

మాస్టారూ, ఆ గొట్టం కూడా ఎక్కడో మాలాంటివాడే వెల్డింగు పెట్టి ఇచ్చుంటాడు.

బీచ్‌రోడ్ బుల్లెట్ | సోమవారం, రాత్రి 8:45

సరే బాబూ, వీడియో కింద నేను పెట్టిన లైకు తీసేశాను.

గోపాలపట్నం శ్రీను | తొమ్మిది రోజుల తర్వాత, బుధవారం, రాత్రి 10:15

అందరికీ అప్‌డేట్ ఇద్దామని వచ్చాను.

నాన్నగారి చేత ఉత్తరం రాయించాం. మోకాళ్లు బాలేకపోయినా "నేనూ వస్తాను" అని ఆయనే కార్లో కూర్చున్నారు. డీలరుకి ముందే ఫోన్ చేసి తాతగారు చెప్పినట్టే చెప్పాం. మూతి కిందికి పెట్టి, సంచిలో వేరుగా, ఎవరూ ముట్టుకోకుండా తీసుకెళ్లాం. ఆయన లైసెన్స్ పుస్తకం చూసి, నంబరు సరిపోల్చుకుని, రిజిస్టరులో ఎక్కించుకున్నాడు. పాత నూనె జిగురై గడ్డకట్టిందట, దాని మీద మన ఉప్పుగాలికి తుప్పు. స్ప్రింగు కూడా పని అయిపోయింది. అంతా కలిపి పన్నెండొందలు.

లేత్ ఆయన ఐదొందలు తిరిగి ఇవ్వనన్నారు. "గేటు బోల్టులు ఏమైనా ఉంటే పట్రండి, అందులో సర్దుకుందాం" అంటున్నారు. గేటుకి బోల్టులు బాగానే ఉన్నాయి, ఏం చెయ్యాలో తెలియట్లేదు.

మల్కాపురం నేవీ తాత | బుధవారం, రాత్రి 10:22

మంచిది. ఛాంబరు సంగతి చెప్పలేదు.

గోపాలపట్నం శ్రీను | బుధవారం, రాత్రి 10:41

అదే రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను తాతగారూ.

ఆయన లోపల గదిలోకి తీసుకెళ్లి, ఇసుక పెట్టెలోకి మూతి పెట్టి, నూనె పోసి కాసేపు ఉంచి స్లయిడ్ లాగాడు. ఒక తూటా టక్కుమని బల్ల మీద పడి, దొర్లుకుంటూ వచ్చి నాన్నగారి కళ్లజోడు పెట్టె దగ్గర ఆగింది. కిందటేడు మా పక్క వీధిలో దొంగలు పడ్డప్పుడు ఆయనే ఎక్కించి, తర్వాత మ్యాగజైను తీసేసి, ఖాళీ అయిపోయింది అనుకున్నారట. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర సిగ్నల్ పడితే మాత్రం "వాడు ట్రిగ్గర్ నొక్కినప్పుడు మీ అమ్మ ఎక్కడుంది?" అని అడిగారు.

మల్కాపురం నేవీ తాత | బుధవారం, రాత్రి 10:44

సేఫ్టీ లాక్ వేసుందా?

గోపాలపట్నం శ్రీను | బుధవారం, రాత్రి 10:46

వేసుంది. వేసిందెవరో నాన్నగారికి గుర్తు లేదు.